పిల్లలు మూడోసారి అడిగేదాకా ఆగకండి

ఈస్టర్ రోజు తెల్లవారుజామున మా వైపు క్రైస్తవ కుటుంబాలు సమాధుల తోటకు వెళ్తాయి. ముందురోజే గడ్డి పీకించి, సమాధులకు సున్నం వేయించి ఉంచుతారు. చీకటితోనే అందరూ చేరి, బంతిపూలు, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. మీలో కొందరికి ఇది ఏటా చేసే పనే. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను.

ఈసారి మా పాపను మొదటిసారి మా నాన్నగారి సమాధి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. పాప ఒకటో తరగతి చదువుతోంది. గుణింతాలు, ఒత్తులు ఈ మధ్యే పట్టుబడ్డాయి. మందుల షాపు బోర్డు దగ్గర్నుంచి బస్సు వెనక రాతల దాకా కనిపించినదల్లా కూడబలుక్కుని చదువుతోంది. అక్కడ కూడా కొవ్వొత్తి వెలుగులో రాయి మీద అక్షరాల వెంట వేలు పెట్టి చదివింది. తాతయ్య పేరు చదివి, కింద ఉన్న "ప్రభువునందు నిద్రించిరి" దగ్గర ఆగింది.

"అమ్మా, తాతయ్య నిద్రపోతున్నాడా?"

"ఊఁ."

"మరి ఎవరూ లేపరేం?"

పక్కనున్న పెద్దమ్మ నా వైపు చూసింది. "అలా అడగకూడదు. కళ్ళు మూసుకో, అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు" అన్నాను. అది మొదటిసారి.

మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. నేను వడ్డన హడావిడిలో ఉంటే కొంగు పట్టుకుని, "తాతయ్య ఎప్పుడు లేస్తాడు?" అంది. "తర్వాత చెబుతా, ముందు అన్నం తిను" అన్నాను. అది రెండోసారి.

రాత్రి పదకొండు దాటింది. పాప మంచం మీద లేచి కూర్చుని ఉంది. "పొద్దున్నే వ్యాన్ వస్తుంది, పడుకో" అని కసిరాను. "నేను పడుకోను. నిద్రపోతే నన్ను కూడా పెట్టెలో పెడతారు" అని ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు అర్థమైంది, పొద్దుటి నుంచి పాప నన్ను ఏమడుగుతోందో. రోజంతా ఆ భయాన్ని ఒంటరిగా మోసింది. నా దగ్గరికి రెండుసార్లు తెచ్చింది. రెండుసార్లూ నేనే వెనక్కి పంపాను.

ఏలీ చేసిన పొరపాటు, ఏలీ చేసిన మంచి పని

సండే స్కూల్‌కి వెళ్ళిన ప్రతి పిల్లకీ తెలిసిన కథ ఒకటుంది. బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయం. చిన్న సమూయేలు మందిరంలో పడుకుని ఉంటాడు. రాత్రివేళ ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ముసలి యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని పరుగున వెళ్తాడు. నేను పిలవలేదు, వెళ్ళి పడుకో అంటాడు ఏలీ. మళ్ళీ పిలుపు, మళ్ళీ పరుగు, మళ్ళీ అదే మాట. మూడోసారి వచ్చినప్పుడు గానీ ఏలీకి తట్టదు, పిల్లవాణ్ణి పిలుస్తున్నది దేవుడని.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం సమూయేలునే మెచ్చుకుంటాం. పిలవగానే పలికాడు, పెద్దల మాట విన్నాడు, మీరూ అలా ఉండాలి అని పిల్లలకు చెబుతాం. నేనూ చిన్నప్పుడు అలాగే విన్నాను. ఆ రాత్రి తర్వాత మాత్రం నాకు ఏలీయే గుర్తొస్తున్నాడు. ఇల్లూ వాకిలీ, ఉద్యోగం, పిల్లలూ ఉన్న మనమంతా ఆ కథలో ఏలీలమే. మందిరంలో ఏళ్ళ తరబడి సేవ చేసినవాడు ఆయన. దేవుడి సంగతులు ఆయనకు తెలిసినంతగా పిల్లవాడికి తెలియవు. అయినా పిలుపు పిల్లవాడికే వినిపించింది. పెద్దాయన నోటికి వచ్చింది పడుకోమనే మాట ఒక్కటే.

కానీ ఏలీ చేసిన మంచి పనిని కూడా చూడాలి. మూడోసారి ఆయన విసుక్కోలేదు. మళ్ళీ పిలుపు వస్తే ఎలా జవాబివ్వాలో పిల్లవాడికి నేర్పి పంపాడు. తెల్లవారాక, దేవుడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తన దగ్గర దాచొద్దని పిల్లవాణ్ణే అడిగాడు. విన్నది ఏలీ ఇంటికి మంచి వార్త కాదు. కొడుకులు తప్పుదారిలో వెళ్తుంటే ఆయన అడ్డుకోలేదు కాబట్టి ఆ ఇంటికి శిక్ష తప్పదన్న మాట అది. ఒక చిన్న పిల్లవాడి నోటి నుంచి తన తప్పు విని, కోప్పడకుండా తల వంచాడు. పిల్లల నుంచి విశ్వాసం నేర్చుకోవడమంటే ఇదేనని నా అభిప్రాయం. వాళ్ళ ముద్దు మాటలకు మురిసిపోవడం తేలిక. వాళ్ళ ప్రశ్న మనల్ని తప్పు పట్టినప్పుడు నిలబడి వినడం కష్టం.

ఆ రాత్రి మా ఇంట్లో

లైటు వేసి పాప పక్కన కూర్చున్నాను. "తాతయ్య నిద్రపోలేదమ్మా. చనిపోయారు" అన్నాను. అంత సూటిగా ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఇంట్లో అందరం "వెళ్ళిపోయారు", "ప్రభువు పిలుచుకున్నారు" అనే అంటూ వచ్చాం. చనిపోయాక గుండె కొట్టుకోదని, ఊపిరి ఆడదని, ఆకలి, నొప్పి, చలి ఏవీ ఉండవని చెప్పాను. నిద్రపోయినప్పుడు నీ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, పొద్దున్నే నువ్వు లేస్తావు అని, పాప చెయ్యి తన గుండె మీదే పెట్టి చూపించాను. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచుకుంది. తర్వాత అడిగింది.

"మరి రాయి మీద అబద్ధం రాశారా?"

ఆ రాయి చెక్కించింది నేనే. శిల్పి అక్షరాలు లెక్కగట్టి ధర చెబుతుంటే, అందరూ ఏం రాయిస్తారో అదే రాయమన్నాను. ఆ మాటను నేను నమ్ముతున్నానా లేదా అని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల అడుగుతోంది.

"అబద్ధం కాదు. నువ్వు నిద్రపోతే నేను భుజం తట్టి లేపుతాను కదా. యేసయ్య ఒకరోజు తాతయ్యను అంత తేలిగ్గా లేపుతారని మనం నమ్ముతున్నాం. అందుకే అలా రాయించాం" అన్నాను.

"ఎప్పుడు?"

"తెలియదు."

"నీకు తెలియదా?"

"తెలియదమ్మా. నమ్ముతున్నాను."

నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు అందరిముందూ ఆపుకున్న ఏడుపది. పాప నా చెంప తుడిచి, "సరే, లైటు మాత్రం తియ్యకు" అని పడుకుంది. పది నిమిషాల్లో నిద్రపోయింది. నేను తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను.

సూటిగా చెప్పడం విశ్వాసం తగ్గడం కాదు

"చిన్నపిల్లకు చావు గురించి అలా చెప్పేస్తారా?" అని తర్వాత మా బంధువులే అన్నారు. నిజానికి పిల్లలు ఈ పోలికను ఉన్నదున్నట్టుగా తీసుకుంటారన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. హంగరీకి చెందిన మరియా నాగి 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలతో మాట్లాడి 1948లో ప్రచురించిన పరిశోధనలో, ఐదేళ్ళలోపు పిల్లలు చావును నిద్రలాగానో, ఎక్కడికో వెళ్ళి ఉండటంలాగానో అనుకుంటారని రాశారు. అందుకే చావును నిద్ర అని చెప్పొద్దని పిల్లల మానసిక నిపుణులు హెచ్చరిస్తుంటారు. పడుకోవడానికే భయపడతారు. మా పాప చేసింది అదే.

క్రైస్తవులమైన మనకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం సువార్తలోనే ఉంది. యోహాను సువార్త 11వ అధ్యాయంలో, లాజరు నిద్రపోయాడని, తాను లేపడానికి వెళ్తున్నానని యేసు శిష్యులతో అంటాడు. శిష్యులు కూడా మా పాపలాగే అర్థం చేసుకున్నారు. నిద్రపోతే మంచిదే, ఒళ్ళు బాగవుతుంది అన్నారు. అప్పుడు యేసు వాళ్ళను ఎగతాళి చేయలేదు, గద్దించలేదు. లాజరు చనిపోయాడని స్పష్టంగా చెప్పాడు. ఆ తర్వాత కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నవాడే ఏడ్చాడు.

ఆ వరుస చూడండి. ముందు నిజాన్ని తెలిసే భాషలో చెప్పాడు. తర్వాత ఏడ్చేవాళ్ళతో ఏడ్చాడు. ఆపైన లాజరును లేపాడు. మనం మొదటి రెండూ దాటవేసి, సరాసరి మూడోదానికి వెళ్ళాలని చూస్తాం. థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో పౌలు కూడా చనిపోయినవాళ్ళను నిద్రించినవాళ్ళనే అన్నాడు. అయితే అసలు దుఃఖపడొద్దని చెప్పలేదు. నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దన్నాడు. మన సమాధుల మీద రాతలకు మూలం ఇలాంటి మాటలే. ఇంగ్లీషులో శ్మశానానికి వాడే సెమెటరీ అనే మాటకు కూడా గ్రీకు మూలంలో నిద్రపోయే చోటు అనే అర్థం. అంత ఆశ నింపుకున్న మాట, వివరణ లేకుండా పిల్లల చేతిలో పెడితే భయమవుతుంది.

ప్రశ్న అడగడం అవిధేయత కాదు

"విశ్వాసమంటే ప్రశ్నించకుండా నమ్మడమే" అని మనలో చాలామంది పెరిగిన పద్ధతి. బైబిలు మాత్రం పిల్లల ప్రశ్నలకు ముందుగానే చోటు పెట్టి ఉంచింది. నిర్గమకాండం 12వ అధ్యాయంలో పస్కా పండుగ నియమాలు చెబుతూ, ఈ ఆచారం ఏమిటని మీ పిల్లలు అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా చెప్పారు. ఈనాటికీ యూదుల ఇళ్ళలో పస్కా రాత్రి భోజనాల దగ్గర, ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లలు ప్రశ్నలు అడగడం ఆనవాయితీ. పిల్లలు అడిగితేనే పెద్దలు కథ చెబుతారు. ప్రశ్న అక్కడ పండుగలో భాగం.

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలోనూ అంతే. యొర్దాను దాటాక, నది మధ్య నుంచి 12 రాళ్ళు తెచ్చి గిల్గాలులో నిలబెట్టించారు. ఎందుకు? రేపు పిల్లలు ఆ రాళ్ళను చూసి ఇవేమిటని అడగాలని. అంటే పిల్లలచేత ప్రశ్న అడిగించడానికే పెట్టిన రాళ్ళవి. మా నాన్నగారి సమాధి రాయి కూడా ఈస్టర్ పొద్దున అదే పని చేసింది. జవాబు చెప్పాల్సిన దాన్ని నేనే కళ్ళు మూసుకోమన్నాను.

యేసు బాల్యం గురించి సువార్తలు చెప్పేది చాలా తక్కువ. ఉన్న ఆ కొద్దిలోనే లూకా రాసిన ఒక సంఘటన ఉంది. 12 ఏళ్ళ యేసు కనబడక తల్లిదండ్రులు వెతుకుతారు. మూడు రోజులకు దేవాలయంలో, బోధకుల మధ్య కూర్చుని, వాళ్ళు చెప్పేది వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపిస్తాడు. మరియ ఆయన్ను మందలిస్తుంది. ఆయన జవాబు వాళ్ళకు అర్థం కాదు. అయినా ఆమె ఆ సంగతులన్నీ మనసులో దాచుకుంటుంది. అర్థం కాని మాటను కొట్టిపారేయకుండా మనసులో దాచుకోవడం, తల్లిదండ్రులుగా మనం నేర్చుకోవాల్సిన పని.

శిష్యులు ఎవరు గొప్ప అని అడిగినప్పుడు యేసు ఒక బిడ్డను వాళ్ళ మధ్య నిలబెట్టాడని మత్తయి 18వ అధ్యాయంలో చదువుతాం. అమాయకత్వం గురించిన పాఠంగానే దాన్ని ఎక్కువగా వింటుంటాం. అక్కడ ఉన్న మాట మాత్రం తగ్గించుకోవడం గురించి. నాకు తెలియదు, చెప్పు అని అడగడం కంటే తగ్గింపు ఏముంటుంది? పిల్లలు రోజుకు యాభైసార్లు ఆ పని చేస్తారు. మనం ఏడాదికి ఒకసారి చేయడానికి కూడా మొహమాటపడతాం.

ఇది స్కూల్ పత్రికలో ఎందుకంటే

మీలో క్రైస్తవులు కానివాళ్ళే ఎక్కువమంది ఉంటారని తెలుసు. మా వాక్యం మీకు బోధించాలని ఇది రాయడం లేదు. మీ ఇంట్లో తాతగారి ఫొటోకు దండ ఉండొచ్చు, ఏటా తద్దినం పెడుతుండొచ్చు, పండుగనాడు ఖబ్రస్తాన్‌కు వెళ్తుండొచ్చు. "నానమ్మ నక్షత్రమైంది" అని చెప్పి ఉండొచ్చు. మీ పిల్లలు కూడా ఎప్పుడో ఒకసారి పైకి చూసి "ఏ నక్షత్రం?" అని అడుగుతారు. అప్పుడు మీ నమ్మకం నుంచి మీరే జవాబు చెప్పాలి. టీచరమ్మ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారు.

మనం ఈ స్కూలుకు ఫీజు కడుతున్నది పిల్లలకు చదవడం, ఆలోచించడం, అడగడం రావాలనే. లెక్కల్లో సందేహం వస్తే ట్యూషన్ పెట్టిస్తాం. సైన్సులో వస్తే వీడియో చూపిస్తాం. పేరెంట్స్ మీటింగ్‌లో "మా వాడు క్లాసులో డౌట్స్ అడుగుతున్నాడా?" అని ఆరా తీస్తాం. అదే పిల్లవాడు మనల్ని దేవుడి గురించో, చావు గురించో అడిగితే మాత్రం "పెద్దయ్యాక తెలుస్తుంది" అంటాం. మా పాపకు ఆ రాయి మీది అక్షరాలు చదవడం నేర్పింది స్కూలే. ఆ అక్షరాలకు అర్థం చెప్పడం నా వంతు.

నాకు ఉపయోగపడిన కొన్ని సంగతులు చెబుతాను. మొదట "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి అడగండి. మా పాప అడిగింది తాతయ్య గురించే అనుకున్నాను, కానీ భయం తన నిద్ర గురించి. చనిపోయారు అనే మాటనే వాడండి. మనకు తెలిసింది ఏదో, మనం నమ్మేది ఏదో విడిగా చెప్పండి. రెండూ కలిపేస్తే, రేపు ఒకదాని మీద అనుమానం వచ్చినప్పుడు రెండూ పోతాయి. "మంచివాళ్ళను దేవుడు త్వరగా తీసుకుపోతాడు" అని మాత్రం అనకండి. మంచిగా ఉండటానికే పిల్లలు భయపడతారు. తెలియనిది తెలియదని చెప్పండి. ఏడుపొస్తే వాళ్ళ ముందే ఏడవండి. ఇంట్లో ఎవరైనా చనిపోతే డైరీలో క్లాస్ టీచర్‌కు ఒక ముక్క రాయండి. పిల్ల పరధ్యానంగా ఉంటే ఆవిడకు కారణం తెలుస్తుంది, "హోంవర్క్ ఎందుకు చేయలేదు?" అని నిలబెట్టకుండా ఉంటారు.

వేసవి సెలవులు వస్తున్నాయి. మనలో చాలామందిమి ఊళ్ళకు వెళ్తాం. అక్కడ పాత ఇల్లు, గోడ మీద ఫొటోలు, ఊరిచివర సమాధులు పిల్లలకు కనిపిస్తాయి. వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఎండలో ప్రయాణం చేసి అలసిపోయి ఉంటాం, చుట్టాలుంటారు, ఫోన్ మోగుతుంటుంది. ఏలీకి మూడోసారికి గానీ తెలియలేదు, నాకూ అంతే. మీరు మాత్రం మొదటిసారే చేతిలో పని పక్కన పెట్టి వాళ్ళ పక్కన కూర్చోండి. జవాబు తెలియకపోయినా కూర్చోండి.

మా పాప ఇప్పుడు హాయిగానే నిద్రపోతోంది. లైటు ఇంకా తీయనివ్వడం లేదు. మొన్న కొత్త ప్రశ్న వేసింది: "యేసయ్య లేపినప్పుడు తాతయ్యకు కళ్ళజోడు కావాలా?" తెలియదన్నాను. ఆయన కళ్ళజోడు బీరువాలో జాగ్రత్తగా ఉంచమని చెప్పింది. ఉంచాను.